దమ్ము లేని పవర్ టిల్లర్: బలం ఎక్కడ జారిపోతోందో పట్టుకోవడం ఎలా?

భీమిలి రోడ్డు పక్క జీడితోటలోనో, ఆనందపురం కూరగాయల మడుల దగ్గరో, పెందుర్తి వైపు పశువులపాక చూరు కిందో ఒక పాత పవర్ టిల్లర్ పడి ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు. ఫ్లైవీల్ తుప్పు పట్టి ఇటుక రంగుకి తిరిగి ఉంటుంది. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు గూడు కట్టుకుని ఉంటాయి. పాత ఇనుము కింద తూకానికి పోయే ఇలాంటి బండ్లలో చాలావాటిని ఇంటి షెడ్డులోనే బాగుచేసి మళ్లీ దుక్కికి దించవచ్చు. అమెరికాలో ఇష్టపడి ఈ పని చేసేవాళ్లు 1963లో వచ్చిన జాన్ డీర్ 110 లాంటి గార్డెన్ ట్రాక్టర్లను వెతికి తెచ్చుకుంటారు. మన తోటల్లో ఆ చాకిరీ చేసింది టిల్లరే. 1967లో మొదలైన బెంగళూరు వీఎస్‌టీ కంపెనీ మిత్సుబిషి నమూనాలో, 1973లో పుట్టిన కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో కుబోటా నమూనాలో వీటిని తయారుచేశాయి. పేరు ఏదైనా లోపలి తీరు ఇంచుమించు ఒకటే: పడుకోబెట్టినట్టుండే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్, దాని పుల్లీ నుంచి వీ బెల్టులు, పెద్ద పుల్లీలో ఇమిడిన క్లచ్, గేరుపెట్టె, వెనక మట్టిని తిరగేసే కత్తుల రోటరీ.

రైతు చెప్పే ఫిర్యాదు కూడా ఒకటే: బండికి దమ్ము లేదు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. వెంటనే ఇంజన్ విప్పేసి లైనర్ (పిస్టన్ తిరిగే లోపలి గొట్టం), పిస్టన్, రింగులు కొత్తవి వేయిస్తారు. బిల్లు వేలల్లో అవుతుంది, బండి మాత్రం తడి మడిలో మళ్లీ ఆగిపోతుంది. సిలిండర్‌లో పుట్టిన బలం చక్రం దాకా చేరేలోపు నాలుగైదు చేతులు మారుతుంది, పాతబండిలో ప్రతి చేతిలోనూ కొంత కారిపోతుంది. అందుకే సిలిండర్ దగ్గర మొదలుపెట్టి చక్రం దాకా వరసగా ఒక్కో మజిలీని పరీక్షించి, ఓడిన చోటే విప్పాలి. రంగు పని అన్నిటికంటే చివర.

స్పానర్ పట్టకముందు

ముందు ఇంజన్ ఆయిల్ చూడాలి. పాలు కలిపిన టీలా ఉంటే నీరు దిగింది. మట్టం గుర్తు కంటే పైకి వచ్చి డీజిల్ వాసన కొడుతుంటే పంపు నుంచి డీజిల్ కారుతోంది. ఈ రెండు స్థితుల్లోనూ ఇంజన్ తిప్పకూడదు, పాత ఆయిల్ తీసేశాకే ముందుకు వెళ్లాలి.

తర్వాత డీకంప్రెషన్ లివర్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి (కంప్రెషన్) వదిలేసే మీట, ఎత్తి పట్టుకుని హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి. హ్యాండిల్ వెనక్కి తన్నితే చుట్టూ బిగించిన బొటనవేలు విరుగుతుంది. తేలిగ్గా తిరిగితే లివర్ వదిలి కంప్రెషన్ మీదకి తీసుకురండి. మంచి ఇంజన్‌లో ఫ్లైవీల్ ఆ బిందువు దగ్గర స్ప్రింగు మీద ఆనినట్టు ఆగి, వదిలితే వెనక్కి తుళ్లుతుంది. అరిగిన ఇంజన్‌లో ఒకటి రెండు సెకన్లు ఆగి బుస్సుమంటూ దాటిపోతుంది.

ఆ బుస్సు ఎక్కడినుంచి వస్తోందో వినడమే అసలు పరీక్ష. ఒకరు ఫ్లైవీల్‌ని కంప్రెషన్ మీద ఒత్తి పట్టుకుంటే ఇంకొకరు చెవి పెట్టాలి. ఎయిర్ క్లీనర్ గొట్టంలో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు కూర్చోవడం లేదు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడ ఊదుతుంటే రింగులు, లైనర్. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లలో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. అనుమానం తీరకపోతే ఇన్‌లెట్ ద్వారం నుంచి రెండు టీస్పూన్ల ఇంజన్ ఆయిల్, అంటే 10 మి.లీ., పోసి ఐదారు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. కంప్రెషన్ పెరిగితే తప్పు రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో లేదా గ్యాస్కెట్‌లో. అంతకు మించి ఆయిల్ పోయకూడదు. నూనె అణగదు కాబట్టి పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య ఇరుక్కుని కనెక్టింగ్ రాడ్‌ని వంచేస్తుంది. మోటారు సైకిళ్లకి వాడే పెట్రోల్ కంప్రెషన్ గేజ్ కూడా ఇక్కడ పనికిరాదు, డీజిల్ ఒత్తిడి దాని కొలత దాటిపోతుంది.

అసలు తిరగనే తిరగకపోతే ఇంజన్ పట్టేసింది. డీజిల్ చిమ్మే నాజిల్ రంధ్రంలోంచి డీజిల్, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసేది) సగంసగం కలిపి పోసి రెండు మూడు రోజులు నానబెట్టమని అందరూ చెబుతారు. ఆ సలహా మంచిదే, కానీ ఈ ఇంజన్ పడుకుని ఉంటుంది. పోసింది సిలిండర్ అడుగు వైపే నిలిచిపోతుంది, పైభాగం రింగులు పొడిగానే ఉండిపోతాయి. కాబట్టి ట్యాంకు, ఆయిల్, నీళ్లు ఖాళీ చేసి, ఇంజన్ దింపి, హెడ్ పైకి ఉండేలా దుంగల మధ్య నిలబెట్టి నానబెట్టాలి. ఆ తర్వాత ఫ్లైవీల్‌ని రెండు వైపులా కొద్దికొద్దిగా ఊపాలి. కదలకపోతే హెడ్ విప్పి, పిస్టన్ నెత్తిన గట్టి చెక్క ఆనించి మెల్లగా కొట్టాలి. ఫ్లైవీల్ నట్టుకి ఆరడుగుల పైపు తగిలించి లాగడం మాత్రం వద్దు. అప్పుడు రాడ్డో, ఫ్లైవీల్‌ని క్రాంక్‌కి పట్టి ఉంచే కీ గాడో (కీవే) పోతుంది.

డీజిల్ దారి

కంప్రెషన్ బాగుండి కూడా స్టార్ట్ కాని బండ్లలో చాలావరకు తప్పు డీజిల్ దారిలో ఉంటుంది. ఏళ్ల తరబడి సగం ట్యాంకుతో నిలిచిన బండిలో ట్యాంకు పైసగం లోపల తుప్పు పడుతుంది. గుప్పెడు చిన్న నట్లు, అర లీటరు డీజిల్ వేసి గట్టిగా కుదిపి, నీరు లేని డీజిల్‌తో మూడు నాలుగుసార్లు కడగాలి. ఫిల్టర్ కొత్తది వేయాలి. పైపుల అతుకుల (యూనియన్ల) దగ్గరి రాగి వాషర్లు దొరక్కపోతే పాతవే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. వాడకంలో గట్టిపడిన రాగి మళ్లీ మెత్తబడి చక్కగా కూర్చుంటుంది.

డీజిల్ పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీయడం వరస ప్రకారం జరగాలి. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీది స్క్రూ, చివరికి నాజిల్ దగ్గరి పైపు నట్టు. మూడోచోట చుక్కలు పడ్డాక నట్టు బిగించి తిప్పితే నాజిల్ ‘కిర్రు’మని అరవాలి. ఆ అరుపు పొడిగా, తెగినట్టు ఉంటే నాజిల్ బతికే ఉంది. మెత్తగా, నీళ్లు చిమ్మినట్టు వినిపిస్తే గాజువాక ఆటోనగర్‌లాంటి చోట నాజిల్ టెస్టింగ్ బెంచి మీద పెట్టించాలి. డీజిల్‌ని పక్క చిన్న గదిలోకి చిమ్మే స్విర్ల్ చాంబర్ ఇంజన్లలో నాజిల్ చదరపు సెంటీమీటరుకి సుమారు 120 నుంచి 140 కిలోల ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది, నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డీఐ ఇంజన్లలో 200 దగ్గర. మీ మోడల్ అంకె మాన్యువల్లో చూసి మెకానిక్‌కి చెప్పండి. బయట పెట్టి తిప్పుతున్న నాజిల్ ముందు చెయ్యి పెట్టకూడదు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి సూది గుచ్చినట్టే కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం.

టైమింగ్, అంటే డీజిల్ ఏ క్షణంలో సిలిండర్‌లో పడాలన్న లెక్క, గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే పంపు ఒకసారి విప్పిన ప్రతి బండిలోనూ ఇది చెడే అవకాశం ఉంది. పంపు కింద కాగితంలాంటి పల్చటి రేకులు, షిమ్‌లు ఉంటాయి. మెకానిక్ పంపు తీసినప్పుడు ఒకటి జారి మట్టిలో పడుతుంది, లేదా గ్యాస్కెట్ బదులు అట్ట ముక్క పెడతారు. షిమ్ మందం 0.1 మి.మీ. మారితే ఇంజక్షన్ సుమారు ఒక డిగ్రీ జరుగుతుంది. షిమ్ పెరిగితే పంపు క్యామ్‌కి దూరమై డీజిల్ ఆలస్యంగా పడుతుంది: తెల్లపొగ, కళ్లమంట, బలం తక్కువ. షిమ్ తగ్గితే ముందే పడుతుంది: టకటకమని గట్టి దెబ్బ, స్టార్టింగులో హ్యాండిల్ వెనక్కి తన్నడం.

సరిచూడటానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పంపు మీది హైప్రెషర్ పైపు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ఫ్లైవీల్‌ని నడిచే దిశలో వేలితో నెట్టినంత నెమ్మదిగా తిప్పండి. పంపు నోటిలో నిలిచిన డీజిల్ నీటిబొట్టులా మెరుస్తుంటుంది. ఒక చోట ఆ మెరుపు వణికి ఉబ్బుతుంది. అక్కడే ఆపి ఫ్లైవీల్ మీది ఇంజక్షన్ గుర్తు సూచికకి ఎదురుగా ఉందో లేదో చూడండి. మూడుసార్లు చేసి మూడుసార్లూ ఒకేచోట వస్తేనే నమ్మండి.

చాలాకాలం ఆగిన ఇంజన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసేముందు పంపు ర్యాక్ (డీజిల్ ఎంత పడాలో నిర్ణయించే కడ్డీ) చేత్తో అటూ ఇటూ జారుతోందో లేదో తప్పక చూడాలి. ర్యాక్ తుప్పుపట్టి తెరిచిన స్థితిలో ఉండిపోతే ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ దాన్ని వెనక్కి లాగలేదు. ఇంజన్ క్షణాల్లో అదుపు తప్పి అరుస్తుంది. ఎయిర్ క్లీనర్ విప్పి, ఇన్‌లెట్ నోటిని పూర్తిగా మూసేంత చదునైన చెక్కముక్క చేతికి అందేలా పెట్టుకోవాలి. గాలి ఆగితే ఇంజన్ ఆగుతుంది. అరచేత్తో మూయబోవద్దు.

విప్పాల్సి వస్తే

రింగులు ఓడిపోయాయని తేలితే ఇంజన్ విప్పక తప్పదు. లైనర్ అరుగుదల పైన, మధ్య, కింద మూడుచోట్ల, ఒక్కోచోట రెండు దిక్కుల్లో బోర్ గేజ్‌తో కొలిపించండి. ఎక్కువ అరిగేది పైరింగు తిరిగి వచ్చే చోట. గోరు తగిలేంత మెట్టు ఉంటే కొత్త రింగులు మాత్రం వేసి లాభం లేదు, ఆ మెట్టుకి కొట్టుకుని పైరింగు విరుగుతుంది. కొత్త రింగుని లైనర్‌లో పెట్టి పిస్టన్‌తో సమంగా నెట్టి, చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడాలి. 90 మి.మీ. బోరుకి 0.3 నుంచి 0.4 మి.మీ. ఉంటే సరి. సందు మరీ తక్కువైతే వేడికి చివరలు ఒరుసుకుని లైనర్‌ని గీసేస్తాయి. బిగించేటప్పుడు రింగుల సందులు ఒకే వరసలోకి రాకుండా చుట్టూ పంచాలి.

వాల్వులు ముందు గరుకు, తర్వాత నున్న గ్రైండింగ్ పేస్టుతో రుద్దాలి. సీటు మీద బూడిదరంగు ఉంగరం తెగకుండా రావాలి. హెడ్ తిరగేసి పోర్టులో కిరసనాయిలు పోసి ఐదు నిమిషాలు ఉంచితే చుక్క కూడా కారకూడదు. హెడ్ బోల్టులు మూడు విడతల్లో, ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించాలి. మొదటిసారి వేడెక్కి చల్లారాక ఇంకోసారి సరిచూడాలి.

పాత మోడళ్లకి సామాను దొరకదన్న భయం సగమే నిజం. ఇంజన్ లోపలి భాగాలకు కంపెనీ నంబరు కావాలి. బేరింగులు, ఆయిల్ సీళ్లు మాత్రం ప్రపంచమంతా ఒకే కొలతలు. బేరింగు అంచున 6206 అని ఉంటే లోపల 30, బయట 62, మందం 16 మి.మీ., ఏ కంపెనీదైనా సరే. సీలు మీద 30-47-7 అని ఉంటే అవి షాఫ్టు, గూడు, మందం కొలతలు. అక్షరాలు చెరిగిపోతే వెర్నియర్‌తో కొలిచి అడగండి.

బెల్టు, క్లచ్

ఇంజన్ బాగున్నా బండి కదలకపోతే ముందు బెల్టులు చూడాలి. వీ బెల్టుల్లో బీ సెక్షన్ అనే సైజు బెల్టు వెడల్పు 17, ఎత్తు 11 మి.మీ. బెల్టు పట్టు పక్క గోడల మీదే ఉండాలి. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు కిందికి దిగి అడుగుని రుద్దుతోందని అర్థం. అప్పుడు ఎంత బిగించినా జారుతుంది, పైగా ఆ బిగింపుకి బేరింగు పోతుంది. గాడి గోడలు లోపలికి గిన్నెలా అరిగితే పుల్లీ మార్చాలి, లేదా లేత్ మీద సరిచేయించాలి. బెల్టులు అన్నీ ఒకేసారి, ఒకే సెట్టుగా మార్చాలి. పాతవాటి పక్కన ఒక కొత్తది వేస్తే బరువంతా అదొక్కటే మోసి తెగుతుంది. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో ఒత్తితే 10 నుంచి 15 మి.మీ. దిగాలి.

క్లచ్ పలకలు పొడివి. గేరుపెట్టె వైపు సీలు కారి నూనె అంటితే జారతాయి. పలకలు పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేస్తే వారం పనిచేస్తాయి, సీలు మారిస్తేనే తప్పు పోతుంది. మడిలో ఇంజన్ శబ్దం తగ్గకుండా చక్రం ఆగితే జారుతున్నది బెల్టో క్లచ్చో. శబ్దం మందగించి నల్లపొగ వస్తూ ఆగితే తప్పు ఇంజన్‌ది, లేదా మోయలేని లోతు పెట్టారు. ఈ ఒక్క తేడా గమనిస్తే అనవసరంగా ఇంజన్ విప్పే ఖర్చు తప్పుతుంది.

ఒక్కో చక్రానికి విడిగా బలం ఆపే స్టీరింగ్ క్లచ్‌లు సరిచేశాక ఒక సంగతి నడిపేవాళ్లందరికీ చెప్పాలి. చదునునేల మీద ఎడమ లివర్ నొక్కితే ఎడమ చక్రానికి బలం ఆగి బండి ఎడమకి తిరుగుతుంది. సింహాచలం కొండ వాలు తోటల్లాంటి చోట దిగువకి వస్తున్నప్పుడు ఇది తారుమారవుతుంది. అప్పుడు చక్రాలను ఇంజన్ పట్టి ఆపుతుంటుంది. ఎడమ లివర్ నొక్కితే ఎడమ చక్రం ఆ పట్టు వదిలించుకుని జోరుగా దొర్లుతుంది, బండి కుడికి కొట్టుకుంటుంది. వాలులో లివర్లు వదిలి, మొదటి గేరులో, హ్యాండిల్ బలంతోనే తిప్పాలి.

ఏ మార్పులు చేయొచ్చు, ఏవి వద్దు

అందరికీ ముందు తట్టేది వేగం పెంచడం. ఇంజన్ పుల్లీ 130 మి.మీ.ది తీసి 150 వేస్తే వేగం 15 శాతం పెరుగుతుంది, లాగే బలం 13 శాతం తగ్గుతుంది. ఖాళీ ట్రాలీతో రోడ్డు మీద బాగానే అనిపిస్తుంది, దుక్కిలో నల్లపొగ కక్కుతుంది. రోటరీ కూడా అదే లెక్కన వేగంగా తిరిగి ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. అటు చిన్న పుల్లీ వేద్దామన్నా హద్దుంది. బీ బెల్టు 125 మి.మీ. కంటే చిన్న పుల్లీ మీద వంగి వంగి త్వరగా చిట్లుతుంది.

గవర్నర్ స్ప్రింగు బిగించి ఇంజన్ వేగం పెంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఫ్లైవీల్‌ని చీల్చే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 2000 ఆర్‌పీఎంకి చేసిన చక్రాన్ని 2400లో తిప్పితే ఆ ఒత్తిడి 44 శాతం ఎక్కువ. దశాబ్దాల నాటి పోత ఇనుములో కంటికి కనపడని నెర్రె ఉంటే, అది పగిలేది నడిపేవాడి పక్కనే.

చేయదగినవి వేరే ఉన్నాయి. ముందుభాగాన బోల్టులతో బిగించే బరువులు, మెత్తనేలకి దమ్ము చక్రాలు, వెనక చిన్న చక్రం మీద కూర్చునే సీటు. సీటు ఫ్రేమ్‌ని రోటరీ మీద ముందే ఉన్న బోల్టు రంధ్రాలకే తగిలించాలి, గేరుపెట్టె పోతకి కొత్త రంధ్రం వేయకూడదు. సెల్ఫ్ స్టార్ట్ కోసం ఫ్లైవీల్‌కి రంధ్రాలు వేయడం కూడా అంతే ప్రమాదం. తెల్లవారుజాము పనికి లైట్లు కావాలంటే 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ చాలు. 3.3 ఆంపియర్లు తీసుకుంటాయి, గంటన్నర వెలుగుతాయి.

పోత ఇనుము పగిలితే మామూలు వెల్డింగ్ రాడ్డు అతకదు, పక్కనే కొత్త పగులు వస్తుంది. పగులు రెండు చివర్లా 3 మి.మీ. రంధ్రం వేసి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం వెల్డు చేస్తూ, ప్రతిదాన్నీ చిన్న సుత్తితో తట్టి, మెల్లగా చల్లారనివ్వాలి.

ఉప్పుగాలి, తుప్పు, రంగు

విశాఖలో తుప్పు వదిలించడం ఒక ఎత్తు, అది తిరిగి రాకుండా చూసుకోవడం ఒక ఎత్తు. సముద్రపుగాలి మోసుకొచ్చే ఉప్పు తుప్పు గుంటల్లో దాక్కుంటుంది. పైన ఎమెరీతో రుద్ది రంగేస్తే ఆ ఉప్పు గాలిలో తేమ పీల్చుకుని రంగు కిందే బొబ్బలు కట్టిస్తుంది. అందుకే రుద్దకముందు ఒకసారి, రుద్దాక ఒకసారి మంచినీళ్లతో కడగాలి. ఒడ్డు దగ్గరి బోరునీళ్లు ఈ పనికి వద్దు, ఇంజన్ నీళ్లతొట్టిలోకి అసలే వద్దు.

చిన్న ఇనుప భాగాలకు కరెంటు తొట్టి మంచి పద్ధతి. ప్లాస్టిక్ టబ్బులో 4 లీటర్ల నీటికి ఒక టేబుల్‌స్పూన్ వాషింగ్ సోడా కలపాలి. 12 వోల్టుల ఛార్జర్ నెగటివ్ తుప్పు భాగానికి, పాజిటివ్ మామూలు ఇనుపరేకుకి తగిలించి, రెండూ తాకకుండా రాత్రంతా ఉంచాలి. రేకు స్టెయిన్‌లెస్ స్టీలు అయితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగం వేస్తే అదే కరిగిపోతుంది. స్ప్రింగులు వేస్తే పెళుసుబారతాయి. హైడ్రోజన్ లేస్తుంది కాబట్టి ఆరుబయటే, నిప్పుకి దూరంగా చేయాలి, కరెంటు ఆపాకే చెయ్యి పెట్టాలి. బయటికి తీసిన ఇనుము ఇక్కడి గాలికి గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది. కడిగి, ఆరబెట్టి, అదేరోజు ప్రైమర్ పడాలి. వర్షాలు వెనకబడ్డాక జనవరి, ఫిబ్రవరిల్లో, మంచు పూర్తిగా ఆరిన మధ్యాహ్నం పూట ఎపాక్సీ ప్రైమర్, దానిమీద రెండు పల్చటి పూతలు వేయాలి.

బిగించాక ఇంజన్‌లో 15డబ్ల్యూ40, గేరుపెట్టెలో 90 నంబరు గేర్ ఆయిల్ పోయాలి. మొదటి అరగంట బరువు లేకుండా, యాక్సిలరేటర్ మారుస్తూ నడపాలి. గంటలకొద్దీ ఐడిల్‌లో, అంటే బరువు లేకుండా తక్కువ వేగంలో, వదిలేస్తే రింగులు లైనర్‌కి పట్టకుండా నున్నబడిపోతాయి, ఆ తర్వాత బండి ఆయిల్ తాగుతూనే ఉంటుంది. కాబట్టి అరగంట తర్వాత తేలిక దుక్కికి పెట్టి, రోజురోజుకీ లోతు పెంచాలి. 20, 25 గంటల దగ్గర ఆయిల్ మార్చి, తీసిన ఆయిల్‌ని తెల్లగుడ్డ మీద వడగట్టి చూడండి. సన్నటి వెండిరంగు పొడి మామూలే. గోటితో తీయగలిగే రేకులు కనిపిస్తే మాత్రం, అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటే రింగులో గేరో. అంటుకోకపోతే బేరింగు షెల్లో పిస్టనో, ఆ బండిని అక్కడే ఆపాలి.